సైనికులకి వారసత్వ రక్షణ క్లాసు: స్లైడ్లు పక్కన పెట్టి ఇసుక బస్తాతో మొదలుపెట్టండి

మీ ప్రశ్న మొత్తం చదివాను. ఆర్కియాలజీలో ఎం.ఏ. చేసి బెంగళూరులో పనిచేస్తున్నారు, ఇక్కడి ఆర్మీ యూనిట్ ఒకటి తమ జవాన్లకి పాత కట్టడాల రక్షణ మీద ఒక పూట క్లాసు చెప్పమని అడిగింది, మీరు హరప్పా నుంచి హంపి దాకా 80 స్లైడ్లు తయారు చేసుకున్నారు, ఇప్పుడేమో టెన్షన్ పట్టుకుంది. వాళ్ళు వింటారా, అసలు ఏ దేశంలోనైనా సైనికులకి దీన్ని పద్ధతిగా నేర్పుతున్నారా, నేర్పితే ఏం నేర్పుతారు అని అడిగారు. నేను సాపర్‌ని, అంటే ఆర్మీలో ఇంజనీర్ల వైపు. జేసీవోగా, అంటే జవాన్లకీ ఆఫీసర్లకీ మధ్య ర్యాంకులో, రిటైరయ్యాను, సర్వీసు చివర్లో చాలా ఏళ్ళు రిక్రూట్లకి ఫీల్డ్ ఇంజనీరింగ్ చెప్పే ఉస్తాద్‌గా ఉన్నాను. మాది గిద్దలూరు దగ్గర పల్లె, ఇప్పుడు ఉండేది రామమూర్తి నగర్‌లో. శిల్పాల గురించి మీకు నేను చెప్పేదేమీ లేదు గానీ, మీ ముందు కూర్చోబోయే కుర్రాళ్ళ గురించి కొంత చెప్పగలను. ఆ తర్వాత ఈ విషయం మీద ఆసక్తితో చదివి తెలుసుకున్నది కూడా కొంత ఉంది.

ముందు ఆ 80 స్లైడ్లు పక్కన పెట్టండి అమ్మా. తెల్లవారుజామునే లేచి పీటీ చేసి, పెరేడ్ చేసి, మధ్యాహ్నం కడుపునిండా తిని వచ్చినవాడు కర్టెన్లు మూసిన హాల్లో ప్రొజెక్టర్ ముందు కూర్చుంటే, మీరు హంపి రాతిరథం గురించి ఎంత బాగా చెప్పినా పావుగంటలో సగం తలలు వాలిపోతాయి. పైగా "మన సంస్కృతి గొప్పది, కాపాడుకోవాలి" అన్న మాట వాళ్ళు బడిలోనే విని ఉన్నారు, గుడి ముందు చెప్పులు విప్పమని ఎవరూ నేర్పక్కర్లేదు. వాళ్ళకి తెలియంది వేరే ఉంది. తాము రోజూ చేసే పనుల్లో, అంటే గొయ్యి తవ్వడం, బస్తాలు నింపడం, బండ్లు నిలపడం, డీజిల్ డంపు పెట్టడం, వీటిలో ఏది దేన్ని పాడుచేస్తుందో తెలియదు. పాత కట్టడాలు యుద్ధంలో బాంబులు పడి పోతాయని అందరికీ తెలుసు. దళం వచ్చి నాలుగు రోజులు మకాం వేసినందుకు పోయేవి కూడా తక్కువేం కాదు, కాకపోతే అవి టీవీలో కనపడవు. మీ క్లాసు మొత్తం దీని మీదే నడపండి.

దీనికి బాబిలోన్‌ని మించిన ఉదాహరణ లేదు. 2003లో అమెరికన్ సైన్యం ఇరాక్‌లోకి వెళ్ళాక ఆ పాత నగరం మధ్యలోనే క్యాంప్ ఆల్ఫా అని ఒక స్థావరం పెట్టారు, తర్వాత అది పోలండ్ నాయకత్వంలోని దళాల చేతికి వచ్చింది, 2004 చివరి దాకా నడిచింది. అక్కడ సైన్యం ఉండటం వల్ల దొంగలు రాలేదన్నది నిజమే. కానీ బ్రిటిష్ మ్యూజియం నుంచి జాన్ కర్టిస్ అనే ఆయన 2004 డిసెంబర్‌లో వెళ్ళి చూసి రాసిన రిపోర్టు చదివితే సాపర్‌కి తల తిరిగిపోతుంది. హెలికాప్టర్లు దిగడానికి నేల చదును చేసి కంకర పరిచారు. కందకాలు తవ్వారు. ఊరేగింపు వీధి అని బాబిలోన్ రాజు నెబుకద్నెజర్ కాలం నాటి ఇటుకల బాట ఒకటి ఉంది, సుమారు 2,600 ఏళ్ళ కిందటిది, దాని మీద బరువైన బండ్లు నడిపారు, ఇటుకలు విరిగాయి. ఆ నగరం పాత ముఖద్వారం ఇష్తార్ ద్వారం, దాని పునాదుల మీద ఉన్న డ్రాగన్ బొమ్మల ఇటుకల్ని ఎవరో ఊడబీకడానికి చూశారు. ఇవన్నీ ఒక ఎత్తు, ఇసుక బస్తాలు ఒక ఎత్తు. బస్తాలు, ఆ పెద్ద వైరు గంపల గోడలు, వీటిని నింపడానికి పక్కనే ఉన్న మట్టి తోడేశారు, ఆ మట్టి నిండా కుండపెంకులు, ఎముకలు, రాత ఉన్న ఇటుకల ముక్కలు. ఇది తప్పని ఎవరో చెబితే అప్పుడేం చేశారు? బయటి నుంచి లారీలతో మట్టి తెప్పించి నింపారు. ఆ బస్తాలు చిరిగి ఆ మట్టి అక్కడే పడితే, వేరే చోటి పెంకులు బాబిలోన్ పొరల్లో కలిసిపోతాయి, రేపు తవ్వేవాడికి ఏది ఎక్కడిదో తెలియదు. రెండోది చేసినవాడు మంచి ఉద్దేశంతోనే చేశాడు. అతనికి ఒక ఆర్కియాలజిస్టు పది నిమిషాలు చెప్పి ఉంటే చాలేది.

మీరు క్లాసుకి రెండు బస్తాలు తీసుకెళ్ళండి, లేదా వాళ్ళనే పట్టుకురమ్మనండి, స్టోర్లో కావలసినన్ని ఉంటాయి. ఒకదాంట్లో మామూలు ఎర్రమట్టి, ఇంకోదాంట్లో బూడిద కలిసిన నల్లమట్టి, కొన్ని విరిగిన కుండపెంకులు, కోడి ఎముకలు, ఒక పూస, తుప్పు పట్టిన మేకు. (అసలు పురావస్తువులు వద్దు, కుమ్మరి దగ్గర కొత్త కుండ కొని పగలగొట్టండి.) నలుగురు కుర్రాళ్ళని ముందుకి పిలిచి నేల మీద బోర్లించమనండి. ఏది జనం బతికిన మట్టో, ఏది ఉత్త మట్టో వాళ్ళ చేతే చెప్పించండి. పార పట్టినవాడికి మట్టి రంగు మారడం మనకంటే ముందు తెలుస్తుంది, దానికి అర్థం ఉందని మాత్రమే ఎవరూ చెప్పి ఉండరు. గైంతి (తవ్వే గునపం) దెబ్బకి ఖంగుమన్న చప్పుడు వస్తే రాయి, అదే చప్పుడు వరసగా ఒకే లోతులో వస్తే గోడ లేదా రాళ్ళు పరిచిన నేల, అది కూడా వాళ్ళకి తెలుసు. బూడిద పొర, ఒకే కొలత ఇటుకలు, నిలబెట్టిన బండరాళ్ళు, పెంకులు దట్టంగా ఉన్న దిబ్బ: ఈ గుర్తులు నాలుగూ వాళ్ళ బుర్రలో కూర్చుంటే మీ పూట వృథా పోనట్టే.

ఒకసారి అనంతపురం వైపు ఎక్సర్‌సైజ్‌లో మోర్చాలు, అంటే మాటు గోతులు, తవ్వే చోటు చూసుకుంటున్నాం. గుట్ట వాలు, మాటు బాగుంది, నీరు నిలవదు, ప్లటూన్ కమాండర్ అక్కడే అన్నాడు. మా సెక్షన్లో మదనపల్లె వైపు కుర్రాడు ఒకడు నిలబెట్టిన పలకరాళ్ళు, వాటి చుట్టూ గుండ్రంగా పేర్చిన గుండ్లు చూసి "సాబ్, ఇవి రాక్షసగుళ్ళు, మా ఊళ్ళో కూడా ఉన్నాయి, లోపల బానలుంటాయి" అన్నాడు. లెఫ్టినెంటు యూపీ ఆయన, ఆయనకి ఆ మాట ఎక్కలేదు, నేను హిందీలో చెప్పాను, బహుత్ పురానీ కబ్రే హై సాబ్ అని. సమాధులు అనేసరికి ఆయనే వంద గజాలు పక్కకి జరిపాడు. మోర్చా పని ఏమాత్రం చెడలేదు, మాటు అటు కూడా అంతే ఉంది. నేను చెప్పొచ్చేది ఏమిటంటే, మీ ముందున్న యాభై మందిలో కనీసం పదిమంది ఊళ్ళలో ఇలాంటివి ఏవో ఉంటాయి. వీరగల్లులు (పోరులో చనిపోయినవాడి గుర్తుగా నిలిపిన రాళ్ళు), రాక్షసగుళ్ళు, పాడుబడ్డ కోట, శాసనం ఉన్న గుండు. మొదటి పది నిమిషాలు "మీ ఊళ్ళో పాతదేముంది" అని అడగండి. అడిగిన ప్రతివాడూ లేచి చెబుతాడు. ఆ తర్వాత నిద్ర సమస్య ఉండదు.

తవ్వేటప్పుడు ఏదైనా బయటపడితే ఏం చేయాలో సూటిగా చెప్పండి: ఆపు, గుర్తు పెట్టు, మట్టితో కప్పు, పైకి చెప్పు. లాగి బయటికి తీయొద్దు, నీళ్ళు పోసి కడగొద్దు, ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టొద్దు, పెట్టిన మర్నాటికి ఊరు ఊరంతా గడ్డపారలతో వచ్చేస్తుంది. చట్టం కూడా ఒక ముక్క చెప్పండి, ఎందుకంటే సైనికుడికి చట్టం అంటే భయం కంటే భరోసా ఎక్కువ. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా ఉంది, భూమిలో దొరికినదాని విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కి తెలియజేయాలి. ఆ పది రూపాయల మాట విని హాలంతా నవ్వుతారు, నవ్వనివ్వండి, అలా గుర్తుంటుంది. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన విగ్రహం, నాణెం వగైరా పురావస్తువు కిందికి వస్తుంది, ప్రైవేటు మనిషి దాన్ని దేశం దాటించడానికి వీల్లేదు. ఏఎస్‌ఐ, అంటే కేంద్ర పురావస్తు శాఖ, రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆ తర్వాత 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఇంతకంటే చట్టం వద్దు.

తర్వాతి మాట రెక్కీ గురించి, అంటే దళం పోకముందే ఆ చోటు వివరాలు తెలుసుకోవడం. ముందే తెలిస్తే ఎంత తేడా వస్తుందో చెప్పడానికి ఒకే ప్రాంతం నుంచి రెండు కథలున్నాయి. మార్టిమర్ వీలర్ పేరు మీకు నేను చెప్పాలా, 1944లో వచ్చి ఏఎస్‌ఐ డైరెక్టర్ జనరల్ అయినాయన, అరికమేడు, మన చిత్రదుర్గం జిల్లాలో బ్రహ్మగిరి తవ్వినాయన. దానికి ముందు ఆయన బ్రిటిష్ ఆర్మీలో బ్రిగేడియర్. 1943లో లిబియాలో లెప్టిస్ మాగ్నా అనే రోమన్ నగరంలోకి వెళ్ళేసరికి శిథిలాల మధ్య రాయల్ ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు రాడార్ స్టేషన్ పెట్టే పనిలో ఉన్నారు. వాళ్ళని ఆపించి, బోర్డులు పెట్టించి, కాపలా వేయించి, అక్కడి సిపాయిలకి ఆ శిథిలాలేమిటో చెప్పించే ఏర్పాటు చేశాడు. ఆయన ఆ సమయానికి అక్కడ ఉండటం అదృష్టం, అంతే. ఇక 2011కి రండి. అదే లెప్టిస్ దగ్గర రాస్ అల్‌మర్గెబ్ అనే కొండ మీద పాత రోమన్ కోట ఉంది, గడాఫీ సైన్యం దాని చుట్టూ ఆరు రాడార్ బండ్లు నిలిపింది. ఈసారి అదృష్టంతో పని పడలేదు, ఆర్కియాలజిస్టులు లిబియాలోని చారిత్రక స్థలాల జాబితా గ్రిడ్ లెక్కలతో (మ్యాపు మీద కచ్చితమైన చోటు చెప్పే అంకెలు) సహా నాటోకి ముందే అందజేశారు. నాటో విమానాలు ఆరు రాడార్లనీ కొట్టాయి, కోటకి తగిలింది కొద్దిపాటి గీతలు. మీలాంటి వాళ్ళు చేయాల్సిన అసలు పని ఈ జాబితా. సైనికుడికి "పదో శతాబ్దం నొలంబ శైలి" అని రాసిస్తే ఉపయోగం లేదు. గ్రిడ్ రిఫరెన్స్, ఎంత మేర విస్తరించి ఉంది, భూమి మీద కనపడుతుందా లేక కిందే ఉందా, తాళం ఎవరి దగ్గరుంది, ఆయన ఫోన్ నంబర్. ఇంతే కావాలి.

ఇలాంటి సమాచారం లేకపోతే ఏమవుతుందో చెప్పే కథ మన భారత సైన్యానికే సంబంధించింది, ఇది మాత్రం తప్పకుండా చెప్పండి. 1944లో ఇటలీలో మాంటె కసీనో యుద్ధం. కొండ మీద ఆరో శతాబ్దంలో మొదలైన మఠం, కింద దాన్ని దాటి పోవాల్సింది 4వ భారత డివిజన్. దాని కమాండర్ ఫ్రాన్సిస్ టకర్‌కి ఆ మఠం గోడలు ఎంత మందమో, లోపలికి దారులెన్నో పైనుంచి ఒక్క ముక్క సమాచారం రాలేదు. చివరికి నేపుల్స్‌లో పాత పుస్తకాల షాపులు గాలించి 1879 నాటి పుస్తకం ఒకటి సంపాదించి, అందులో చదివి తెలుసుకున్నాడు, గోడల అడుగుభాగం పది అడుగుల మందం అని. ఇది మామూలు బాంబులకి లొంగేది కాదని పైకి ఘాటుగా రాశాడు. ఫిబ్రవరి 15న బాంబర్లు వచ్చి మఠాన్ని నేలమట్టం చేశాయి. ఆ సమయానికి జర్మన్ సైనికులు మఠం లోపల లేరు. కూలిన తర్వాత ఆ రాళ్ళ గుట్టల్లోకి వచ్చి కూర్చున్నారు, నిలబడ్డ గోడ కంటే కూలిన గోడ మంచి మాటు కదా, ఈ ముక్క ఏ సాపర్‌కైనా చెప్పకుండానే అర్థమవుతుంది. మూడు నెలల పాటు, మే నెల దాకా ఆ కొండ చేతికి రాలేదు. మఠం పోయింది, యుద్ధంలో కలిసొచ్చిందీ లేదు, మన జవాన్లు ఆ వాలు మీద ఎంతోమంది పోయారు. మఠంలోని పుస్తకాలు, పటాలు మాత్రం చాలావరకు బతికాయి, ఎందుకంటే అంతకు కొన్ని నెలల ముందు ష్లెగెల్ అనే జర్మన్ అధికారి సన్యాసుల్ని ఒప్పించి లారీల్లో రోమ్ వైపు పంపించేశాడు. శత్రువు సైన్యంలో కూడా అలాంటివాడు ఉంటాడని చెప్పడానికి జంకకండి, సైనికులు దాన్ని బాగానే తీసుకుంటారు.

ఇక్కడ ఎవడో ఒకడు లేచి తీరతాడు: "మేడమ్, వాడు గుళ్ళో కూర్చుని కాలిస్తే మేం చూస్తూ ఊరుకోవాలా?" ఆ ప్రశ్న కోసమే మీరు ఎదురు చూడాలి, దానికి తడబడితే మిగతాదంతా బూడిదలో పోసిన పన్నీరే. జవాబు 1954 హేగ్ ఒప్పందంలో ఉంది, యుద్ధంలో వారసత్వ సంపదని కాపాడటానికి దేశాలు చేసుకున్న ఒప్పందం అది, మన దేశం 1958లోనే దాన్ని ఆమోదించింది. నాలుగో అధికరణం చెప్పేది రెండు వైపులకీ వర్తిస్తుంది: నువ్వు దాన్ని మాటుగా వాడుకోకూడదు, ఎదుటివాడిది కొట్టకూడదు, తప్పనిసరి సైనిక అవసరం ఉంటే తప్ప. అంటే ఊరుకోమని ఎవరూ అనడం లేదు. తప్పనిసరా కాదా అని ముందు ఆలోచించమంటుంది, ఆ నిర్ణయం సెక్షన్ కమాండర్ ఆవేశంలో తీసుకునేది కాకూడదు, పైకి అడగాలి. 1991 గల్ఫ్ యుద్ధంలో ఇరాక్ వాళ్ళు ఊర్ జిగ్గురాత్ అనే పాత మెట్ల గుడి పక్కనే రెండు మిగ్ విమానాలు తెచ్చి నిలిపారు. అమెరికన్ కమాండర్లు వాటిని కొట్టలేదు. దగ్గర్లో రన్‌వే లేదు, ఆ విమానాలు ఎగరలేవు, ఎగరని విమానం కోసం నాలుగు వేల ఏళ్ళ కట్టడాన్ని పాడుచేయడం దండగ అని లెక్క వేసుకున్నారు. ఈ లెక్క చెప్పండి, ధర్మం చెప్పకండి. ఇంకో ప్రశ్న కూడా వస్తుంది, "వాడు మనది కూలిస్తే మనం వాడిది కూల్చొద్దా?" వద్దు, ప్రతీకారంగా కూల్చడం అదే అధికరణం నిషేధించింది. దీని మీద వాదన పెట్టుకోకండి, ఒక్క వాక్యంలో చెప్పి ముందుకెళ్ళండి.

హేగ్ ఒప్పందం కింద కాపాడాల్సిన చోట్లకి పెట్టే నీలి డాలు గుర్తు బోర్డు మీద గీసి చూపించండి, కింద కొన తేలిన డాలు, నీలం తెలుపు భాగాలు. రెడ్‌క్రాస్ గుర్తుపట్టినట్టు దాన్ని కూడా గుర్తుపట్టాలి. గుర్తు పెట్టినంత మాత్రాన అంతా అయిపోదని కూడా చెప్పండి, 1991 డిసెంబర్ 6న క్రొయేషియాలో దుబ్రోవ్నిక్ పాత నగరం మీద ఫిరంగి గుండ్లు కురిసినప్పుడు ఆ గుర్తున్న జెండాలు ఎగురుతూనే ఉన్నాయి. ఆ కేసులో యోకిచ్ అనే నౌకాదళ అధికారికి ఏడేళ్ళు జైలు పడింది. ఆఫ్రికాలో మాలీ దేశపు టింబక్టులో సమాధి మందిరాలు కూల్పించిన అల్ మహ్దీకి 2016లో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు తొమ్మిదేళ్ళు వేసింది.

లూటీ గురించి ఎంతసేపు చెప్పాలన్నది మీ ఇష్టం, నేనైతే శ్రీరంగపట్నం చెబుతాను, బెంగళూరు నుంచి మూడు గంటల దారి. 1799 మే 4న టిప్పు కోట బ్రిటిష్ వాళ్ళ చేతిలో పడింది, ఆ రాత్రంతా దోపిడీ. మర్నాడు బ్రిటిష్ అధికారి ఆర్థర్ వెల్లెస్లీ వచ్చి కొంతమందిని ఉరితీయించి, కొందర్ని కొరడాలతో కొట్టిస్తే గానీ సద్దుమణగలేదు. ఆ తర్వాత జరిగింది ఇంకా అన్యాయం. అది రూలు ప్రకారం జరిగిన దోపిడీ, ప్రైజ్ ఏజెంట్లు, అంటే గెలిచిన సొత్తు పంచడానికి సైన్యం పెట్టుకున్నవాళ్ళు, కూర్చుని లెక్క వేసి పంచారు, పంచడానికి వీలుగా టిప్పు సింహాసనాన్ని ముక్కలు చేశారు. సుమారు 2,000 గ్రంథాల లైబ్రరీ కంపెనీ వాళ్ళకి పోయింది. అదే సైన్యంలో అదే యుద్ధంలో పనిచేసిన కాలిన్ మెకంజీ, మద్రాస్ ఇంజనీర్ల అధికారి, ఆ తర్వాత మైసూరు సర్వేకి దిగి శాసనాలు, కైఫీయత్తులు (ఊళ్ళ చరిత్ర రాతలు) ఊరూరా సేకరించాడు. ఆయన వెంట ఉన్నది మన ఏలూరు కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య. అమరావతి స్తూపాన్ని మెకంజీ 1790ల చివర్లో మొదటిసారి చూశాడు, మళ్ళీ 1816లో వెళ్ళేసరికి స్థానికులు రాళ్ళు ఊడదీసి మధ్యలో చెరువు తవ్వేశారు. ఆయన మనుషులు గీసిన బొమ్మలే లేకపోతే ఆ స్తూపం ఎలా ఉండేదో మనకి సగం కూడా తెలిసేది కాదు. సర్వే చేసే సైనికుడి చేతిలో పెన్సిల్ ఉంటే ఏం జరుగుతుందో చెప్పడానికి ఆయన చాలు. (ఆయన కూడా కొన్ని రాళ్ళు తరలించాడు, అది వేరే చర్చ.)

బాగ్దాద్ మ్యూజియం మాట కూడా వస్తుంది. 2003 ఏప్రిల్ 10 నుంచి 12 దాకా లూటీ జరిగింది, సుమారు 15,000 వస్తువులు పోయాయి. పక్క వీధిలో ట్యాంకు ఉంది, మ్యూజియం మనుషులు వెళ్ళి బతిమాలారు, గేటు ముందు నిలపమని, ఆర్డర్ లేదన్నారు. ఆ ట్యాంకు సిబ్బందిని తిట్టకండి క్లాసులో. ఆర్డర్ లేకుండా ట్యాంకు కదలదు, అది మీ ముందున్న ప్రతివాడికీ తెలుసు, తిడితే మీరు వాళ్ళలో మనిషి కారని తేలిపోతుంది. ఆర్డర్‌లో ఆ మ్యూజియం పేరు ఎందుకు లేదు అని అడగండి, అప్పుడు వెనక కూర్చున్న ఆఫీసర్లు వింటారు. తర్వాత మాథ్యూ బోగ్డనోస్ అనే మెరైన్ కల్నల్ దర్యాప్తుకి దిగి, తెచ్చి ఇచ్చినవాళ్ళ మీద కేసు పెట్టబోమని ప్రకటించి చాలా రాబట్టాడు. ఐదు వేల ఏళ్ళ నాటి వార్కా పాత్ర అనే చెక్కడాల రాతి పాత్ర కారు డిక్కీలో తిరిగొచ్చింది.

ఏయే దేశాల్లో నేర్పుతున్నారు అని అడిగారు. హేగ్ ఒప్పందం ఏడో అధికరణమే శాంతి సమయంలోనే సైన్యంలో దీనికి మనుషుల్ని సిద్ధం చేసుకోమంటుంది, ఇరవై ఐదోది శిక్షణలో భాగం చేయమంటుంది. ఇటలీ కారబినియేరీలో, అంటే అక్కడి సైనిక పోలీసు దళంలో, కళాఖండాల రక్షణకి 1969 నుంచే ప్రత్యేక విభాగం ఉంది. బ్రిటన్ 2017లో ఒప్పందం ఆమోదించి మర్నాటి ఏడు చిన్న యూనిట్ పెట్టుకుంది. అమెరికా 2022లో స్మిత్‌సోనియన్ అనే మ్యూజియంల సంస్థతో కలిసి ఆర్మీ రిజర్వు అధికారుల మొదటి బ్యాచ్‌కి శిక్షణ ఇచ్చింది. యునెస్కో 2016లో సైన్యాల కోసం మాన్యువల్ తెచ్చింది, అది మీరు చదవాల్సిందే, క్లాసులో చదివి వినిపించేది మాత్రం కాదు. నాకు నచ్చింది న్యూయార్క్ రాష్ట్రంలో ఫోర్ట్ డ్రమ్ అనే స్థావరంలో లారీ రష్ అనే ఆర్కియాలజిస్టు చేసిన పని. ట్రైనింగ్ ఏరియాలోనే నకిలీ శిథిలాలు, నకిలీ శ్మశానం కట్టించింది, కసరత్తు చేసే దళం వాటి మధ్యనుంచే పోవాలి, పాడుచేయకుండా. 2007లో పేకముక్కలు కూడా అచ్చు వేయించారు, ప్రతి ముక్క మీద ఒక స్థలం బొమ్మ, ఒక సూచన. పేకముక్కలంటే పత్రికలు తెగ రాశాయి. నాకైతే నకిలీ శ్మశానం దానికి పదింతలు విలువైనది అనిపిస్తుంది, కాళ్ళతో నేర్చుకున్నది సైనికుడికి గుర్తుంటుంది, పేక ఆడేటప్పుడు మనిషి చూసేది జోకరు ఎక్కడుందనే.

యుద్ధం మాట పక్కన పెడితే మన జవాన్లకి ఈ చదువు అక్కరకొచ్చేది ఎక్కువగా భూకంపాల్లో, వరదల్లో. 2015లో నేపాల్ భూకంపం వచ్చినప్పుడు మన ఇంజనీర్ దళాలు కూడా వెళ్ళాయి. కాఠ్మండు దర్బారు చౌకులో కూలిన గుళ్ళ చెక్కడాల్ని నేపాల్ సైన్యం, పోలీసులు, స్థానికులు కలిసి ఏరి భద్రపరిచారు. ముందు మనుషుల్ని తీయాలి, దాని మీద రెండో మాట లేదు, మీరు కూడా ఆ మాటతోనే మొదలుపెట్టండి. మనుషులు అయిపోయాక జేసీబీ వస్తుంది చూడండి, అక్కడ ఆపాలి. శిథిలం చెత్త కాదు. చెక్కిన కొయ్య, దేవుడి మూర్తి, రాతి ముక్క ఏ మూలన పడిందో ఆ మూలనే కుప్ప పెట్టి, సుద్దతో నంబరు వేసి, ఫోటో తీస్తే తర్వాత తిరిగి కట్టొచ్చు, అన్నీ కలిపి టిప్పర్లో పోస్తే ఇక అంతే. తడిసిన పుస్తకాలు, తాళపత్రాలు ఎర్రటి ఎండలో పరచొద్దని, బలవంతంగా విప్పొద్దని, నీడలో గాలి తగిలేలా ఉంచి నిపుణుల్ని పిలవాలని చెప్పండి. మన మనిషి సహజంగా చేసేది ఎండలో వేయడమే.

ఇక మీ పూట ఎలా గడపాలి. హాల్లో గంట మించొద్దు. మిగతా సమయానికి సాండ్ మోడల్, అంటే నేల మీద ఇసుకతో చేసే ప్రాంతం నమూనా, అడగండి, ఆపరేషన్‌కి ముందు ఆర్డర్లు ఇచ్చేది దాని ముందే కాబట్టి అది వాళ్ళ సొంత భాష. వాళ్ళ ఉస్తాద్‌తో ముందురోజే మాట్లాడి ఒక ఊరు, కొండ, చెరువు, రెండు రోడ్లు వేయించండి. అందులో మీరు ఒక గుడి, ఒక పెంకుల దిబ్బ, ఒక మ్యూజియం పెట్టండి, నీలం రంగు పొడితో వాటి చుట్టూ గీత గీయండి. తర్వాత మూడు జట్లుగా విడగొట్టి పని ఇవ్వండి: క్యాంపు ఎక్కడ వేస్తారు, మట్టి ఎక్కడ తవ్వుతారు, హెలికాప్టర్ ఎక్కడ దించుతారు, ట్యాంకులు ఏ దారిన పోతాయి. ఒక జట్టు తప్పకుండా దిబ్బ మీదే పోస్ట్ పెడుతుంది, ఎత్తు కదా, పెట్టి తీరుతుంది. వెంటనే తప్పనకండి. అక్కడి నుంచి కనపడేదంతా ఇంకే చోటి నుంచి కనపడుతుందో పక్క జట్టుని వెతకమనండి. దొరుకుతుంది, తొంభై శాతం సార్లు దొరుకుతుంది. దొరకని పది శాతం గురించే అసలైన చర్చ నడుస్తుంది, తవ్వకుండా పైన బస్తాలు పేర్చొచ్చా, కింద ప్లాస్టిక్ పట్టా వేసి బయటి మట్టి నింపొచ్చా, ఇలా. ఆ ఉపాయాలు వాళ్ళే చెబుతారు, మీరు రాసుకోండి.

యూనిట్ వాళ్ళు బస్సు ఇస్తే బేగూరు తీసుకెళ్ళండి, నాగేశ్వర గుడి. సుమారు క్రీ.శ. 890 నాటి శాసనం ఉంది అక్కడ, బెంగళూరు యుద్ధంలో చనిపోయిన ఒకడి కోసం వేసింది, ఈ ఊరి పేరు రాతలో కనపడటం అదే మొదలు. వీరగల్లు అంటే ఏమిటో సైనికుడికి వివరించక్కర్లేదు, వాళ్ళ సెంటర్లో కూడా అమరుల స్తంభం ఉంటుంది, ప్రతి ఏడూ దండ వేస్తారు. ఇలాంటి రాళ్ళని ఈ ఊళ్ళో ఎన్ని చోట్ల బట్టలుతికే బండలుగా, మోరీ మీద పలకలుగా వేశారో మీకు నాకంటే బాగా తెలుసు. బేగూరు దూరం అంటే కె.ఆర్. మార్కెట్ పక్కన కోట చాలు. 1791 మార్చి 21న ఇక్కడి గోడ పగలగొట్టి లోపలికి వచ్చారని తెల్లవాళ్ళు పెట్టుకున్న ఫలకం ఉంది. గోడకి గండి ఎలా కొట్టారో చెప్పమని సాపర్లని అడగండి, మీరు నోరు మూసుకుని వినండి, ఆ తర్వాత మిగిలిన కోట ఏమైంది అని అడగండి.

చిన్న చిన్నవి కొన్ని. క్లాసు హిందీలో చెప్పండి, మధ్యలో తెలుగు, తమిళం, కన్నడం ఎంత కలిస్తే అంత మంచిది, మీ హిందీ వంకరగా ఉన్నా ఎవరూ నవ్వరు, మాది ఇంకా వంకర. హాల్లో సీనియర్ సుబేదార్ ఎవరో కనుక్కుని ముందుగా ఆయనతో టీ తాగండి, ఆయన తల ఊపితే కుర్రాళ్ళు వింటారు. క్యాంపస్ లోపల ఫోటోలకి అనుమతి అడ్జుటెంట్ దగ్గర ముందే తీసుకోండి, లేకపోతే గేటు దగ్గరే ఫోన్ ఉంచుకుంటారు. చివర్లో ప్రశ్నాపత్రం పెట్టకండి. జేబులో పట్టే కార్డు ఒకటి ఇవ్వండి, ఒకవైపు నీలి డాలు గుర్తు, ఇంకోవైపు ఆపు, గుర్తు పెట్టు, కప్పు, చెప్పు అనే నాలుగు మాటలు, హిందీలోనూ మన భాషల్లోనూ. లామినేషన్ చేయించండి, మామూలు కాగితమైతే మొదటి చెమటకే పోతుంది.